నాటు తుపాకీ చేసిన చేతులు

ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు తెగల జాబితాలో 'కమ్మర' అనే పేరు ఉంటుంది. మైదానంలో కమ్మరి పని చేసేవారు విశ్వబ్రాహ్మణుల్లో ఒక శాఖ, ప్రభుత్వ లెక్కల్లో వెనుకబడిన తరగతులవారు. మన ఏజెన్సీలో మాత్రం కమ్మర ఒక తెగ. బగత, కొండదొర, కొటియ, పోర్జ, గదబ ఊళ్ళ మధ్య కొలిమి పెట్టుకుని బతికిన తెగ. నాగలి కర్రు, గొడ్డలి, కత్తి, బాణం ములుకు, ఇవన్నీ వాళ్ళ చేతుల మీదుగానే మన ఇళ్ళకు వచ్చాయి. నాటు తుపాకీ పాడైతే బాగుచేసింది, కొన్నిచోట్ల కొత్తది చేసి ఇచ్చింది కూడా కొలిమి దగ్గరే. ఈ చివరి మాట మన పెద్దలు గట్టిగా చెప్పరు. ఎందుకు చెప్పరో ఈ వ్యాసంలో చూద్దాం.

ముందుగా ఒక సంగతి. తుపాకీ గొప్ప వస్తువని నేను రాయడం లేదు. ఇటుకల పండుగ వేటలో గురి తప్పిన గుండుకు మనిషి పోయాడన్న వార్త ఏజెన్సీలో పెరిగిన ఎవరికీ కొత్త కాదు. నేను రాస్తున్నది ఆ వస్తువును చేసిన పనివాడి చరిత్ర. మన పాఠ్యపుస్తకాల్లో ఫిరంగి పేల్చిన రాజు పేరుంటుంది, దాన్ని పట్టుకెళ్ళిన తెల్లదొర పేరుంటుంది. ఇనుము కాల్చి సాగగొట్టినవాడు ఎక్కడా కనబడడు.

చేతి తుపాకీ అంటే ఏమిటో పిల్లలకు చెప్పాలంటే గొట్టం దగ్గర మొదలుపెట్టాలి. అది పోత పోసింది అనుకుంటారు చాలామంది. పాత పద్ధతిలో ఇనప పట్టీని ఎర్రగా కాల్చి, కడ్డీ చుట్టూ చుట్టి, అంచులు ఒకదానిలో ఒకటి కలిసిపోయేదాకా సమ్మెటతో కొట్టేవారు. తర్వాత లోపలి భాగాన్ని చేత్తోనే తొలిచి నునుపు చేసేవారు. అతుకు ఎక్కడైనా వదులుగా ఉంటే మందు పేలినప్పుడు గొట్టం పగులుతుంది, కాల్చినవాడి చెయ్యో కన్నో పోతుంది. కొలిమిలో ఇనుము ఏ రంగుకు వచ్చినప్పుడు దెబ్బ వేయాలో చూసి తెలుసుకోవడమే వాళ్ళ చదువు. నిప్పు అందించే ఏర్పాటు కాలాన్నిబట్టి మారింది. మొదట వత్తి, తర్వాత చెకుముకి రాయి, ఆ తర్వాత రాగి టోపీ. ఏది మారినా మందూ గుళ్ళూ గొట్టం నోట్లోంచే వేసి, గజం అనే కడ్డీతో దట్టించాలి. ఒక్కో తుపాకీ ఒక్కో మనిషి చేతి పని కాబట్టి ఒకదాని మీట ఇంకోదానికి సరిపోదు. విరిగితే చేసినవాడి దగ్గరికే తీసుకెళ్ళాలి.

ఈ పని మన కొండలకే పరిమితం కాదు. బీహారులోని ముంగేరు దీనికి పెద్ద పేరు. 1760లో బెంగాలు నవాబైన మీర్ ఖాసిం కంపెనీ దొరల కంటికి దూరంగా ఉండాలని రాజధానిని ముర్షిదాబాదు నుంచి గంగ ఒడ్డునున్న ముంగేరుకు మార్చాడు. గుర్గిన్ ఖాన్ అనే ఆర్మీనియా సేనాని చేతికి ఆయుధాల పని అప్పగించాడు. అక్కడి కమ్మరులు చేసిన తుపాకుల గురించి ఆ కాలపు పారశీక చరిత్ర 'సియర్-ఉల్-ముతాఖరీన్'ను ఇంగ్లీషులోకి తెచ్చినాయన ఒక గమనిక రాశాడు. కలకత్తా కౌన్సిల్ ఆదేశం మీద ఇంగ్లీషు అధికారులే పోల్చి చూశారట. కంపెనీ వాడకానికి ఇంగ్లండు నుంచి వచ్చిన మేలురకం తుపాకుల కంటే ముంగేరువే మెరుగని తేల్చారట. వాటిలో వాడిన చెకుముకి రాళ్ళు రాజమహల్ కొండలవి. రాజమహల్ అంటే పహాడియా ఆదివాసుల నేల. నవాబు తుపాకీలో నిప్పు రాజేసిన రాయి ఆదివాసీ కొండది.

తుపాకీ బాగున్నంత మాత్రాన యుద్ధం గెలవలేదు. 1763లో ముంగేరు కంపెనీ చేతికి పోయింది. 1764 అక్టోబరు 22న బక్సరులో అంతా తేలిపోయింది. నవాబు పోయినా పనివాళ్ళు ఊళ్ళోనే ఉండిపోయారు. పక్షుల వేటకు, జమీందారుల కావలికి తుపాకులు చేస్తూ తరతరాలు బతికారు. అంటే 1764లో ఓడింది వాళ్ళ పనితనం కాదు. దాన్ని దెబ్బతీసినవి ఆ తర్వాత వచ్చాయి.

మొదటిది యంత్రం. 1850లలో ఇంగ్లండు ప్రభుత్వం ఎన్‌ఫీల్డులోని తన కర్మాగారానికి అమెరికా నుంచి యంత్రాలు తెప్పించింది. ఆ యంత్రాల మీద తయారైన మీట ఏ తుపాకీలో పెట్టినా సరిపోతుంది. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చేతిపనివాడి గిరాకీని తీసేసింది ఇదే. విరిగిన ముక్కను పారేసి పెట్టెలోంచి ఇంకోటి తీసి బిగిస్తే సరి, చేసినవాడితో పని లేదు. ఇంగ్లండులోనే బర్మింగ్‌హామ్ ఊళ్ళో వందలాది చిన్న కొట్లు చేతితో తుపాకులు చేసి బతికేవి. వాళ్ళకూ ఇదే దెబ్బ తగిలింది. అయితే 1861లో అక్కడి 14 మంది తుపాకీ పనివాళ్ళు కలిసి బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ అనే కంపెనీ పెట్టి, తామే యంత్రాలు కొనుక్కున్నారు. తర్వాతి రోజుల్లో సైకిళ్ళూ మోటారు సైకిళ్ళూ చేసిన బి.ఎస్.ఏ. కంపెనీ అదే. యంత్రం వచ్చినప్పుడు పనివాడు చచ్చిపోవాల్సిందే అనేవారికి నేను ఈ ఉదాహరణ చెబుతాను. పెట్టుబడి, ప్రభుత్వపు ఆర్డరు, చట్టం అండ ఉన్నచోట చేతిపనివాడు యంత్రానికి యజమాని కూడా కాగలిగాడు. ముంగేరు పనివాడికి అదే ఏడాది ఏం జరుగుతోందో చూడండి.

రెండో దెబ్బ చట్టం. ఎన్‌ఫీల్డు తుపాకీ తూటాకు పూసిన కొవ్వు దగ్గర 1857 తిరుగుబాటు రాజుకుందని మనం తరగతిలో చెబుతాం. తర్వాత జరిగింది చెప్పం. ఆ ఏడాదే ఆయుధాల మీద ఒక చట్టం తెచ్చారు, 1860లో మరొకటి, 1878లో లిట్టన్ హయాంలో గట్టి చట్టం. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడం నేరమైంది, చేయడం, అమ్మడం నేరమైంది. నియమాల కింద యూరోపియన్లకు మాత్రం మినహాయింపు. బర్మింగ్‌హామ్ పనివాళ్ళు కంపెనీ పెట్టుకుంటున్న రోజుల్లో మన దేశపు పనివాడు కొలిమి వెలిగించడానికి కాగితం కోసం కచేరీ గుమ్మంలో నిలబడ్డాడు.

మూడో దెబ్బ ఇనుము మీద పడింది. ఇది నేరుగా ఆదివాసుల కథ. మధ్య భారతంలో అగారియాలు, జార్ఖండులో అసురులు రాయి కరిగించి ఇనుము తీసిన తెగలు. వెరియర్ ఎల్విన్ 1942లో అగారియాల మీద ఒక పెద్ద పుస్తకమే రాశాడు. మట్టి కొలిమి, కాలితో తొక్కే తిత్తులు, సాల కర్ర బొగ్గు వాళ్ళ ఆస్తి. 1865, 1878 అడవి చట్టాలతో బొగ్గు కాల్చడం కష్టమైంది. కొలిమికింత అని పన్ను వేశారు. అదే సమయంలో ఓడల్లో, రైళ్ళలో చవక ఇనుము దిగింది. అగారియా తీసిన ఇనుము మెత్తగా సాగేదని, గొడ్డలికి మంచిదని కొన్నవాళ్ళే చెప్పేవారు. అయినా సంతలో ధర ముందు మెత్తదనం నిలవలేదు. రాయి కరిగించే పని అడుగంటాక కమ్మరి బయటి ఇనుము కొనుక్కుని కొట్టే మనిషయ్యాడు. ఇవాళ మన ఊళ్ళలో కత్తికి లారీ పట్టీ వాడతారు. ఆ మార్పు అప్పుడు మొదలైందే.

ఇప్పుడు మన కొండలకు వద్దాం. 1878 చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, 1879 మార్చిలో, రంప తిరుగుబాటు మొదలైంది. కల్లు మీద పన్ను, అడవి ఆంక్షలు, మునసబుదారు దోపిడీ, వ్యాపారుల అప్పులు దానికి కారణాలు. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర కాలపు పోరు అది. బాణాలతో, నోటి నుంచి మందు దట్టించే తుపాకులతో చేసిన పోరు. ఆ తుపాకీకి కావలసినవన్నీ దాదాపు కొండ మీదే దొరుకుతాయి. చెడిపోతే కొలిమి పక్క ఊళ్ళోనే ఉంది.

43 ఏళ్ళ తర్వాత అల్లూరి సీతారామరాజు వచ్చేసరికి పరిస్థితి మారిపోయింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు మూడు పోలీసు స్టేషన్ల మీద దాడి. దొరికినవి 26 తుపాకులు, 2500 పైచిలుకు తూటాలు. ఏం తీసుకెళ్ళారో స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టిన సంగతి మన పిల్లలందరికీ తెలుసు. ఆయన ధైర్యం గురించి ఎన్నో వ్యాసాలు వచ్చాయి. నేను ఆ 2500 అనే అంకె దగ్గర ఆగుతాను. పోలీసు తుపాకీ వెనకనుంచి తూటా పెట్టి కాల్చేది. దూరం పోతుంది, త్వరగా కాల్చవచ్చు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు పడిపోయారంటే ఆ తుపాకుల బలం తెలుస్తుంది. కానీ తూటా ఫ్యాక్టరీ సరుకు. కాల్చిన తూటాకు బదులు ఇంకో తూటా కొండ మీద ఎవరూ చేయలేరు. ఎంత నేర్పరి కమ్మరైనా చేతులెత్తేయాల్సిందే.

అందుకే ఉద్యమానికి మళ్ళీ మళ్ళీ పోలీసు స్టేషన్లే కావలసి వచ్చాయి. ఇది సర్కారుకూ అర్థమైంది. అక్టోబరు 15న ముందే కబురు చెప్పి అడ్డతీగల స్టేషనుకు వెళ్ళినప్పుడు ఆయుధాలు అక్కడ లేవు, ముందే తీసేశారు. తర్వాత మలబారు పోలీసులు వచ్చారు, అస్సాం రైఫిల్స్ వచ్చారు. 1924 మే 7న కొయ్యూరులో రాజును చంపేశారు. ఆ పోరాటం ఓడిపోవడానికి ఎన్నో కారణాలు చెబుతారు. యంత్రం చేసిన ఆయుధం చేతికొచ్చాక యంత్రం మీదే ఆధారపడాల్సి రావడాన్ని కూడా ఆ కారణాల్లో చేర్చాలని నా అభిప్రాయం.

స్వాతంత్ర్యం వచ్చాక ఏమైనా మారిందా? ఆయుధాలు ఉంచుకునే హక్కు, నియమాలకు లోబడి, పౌరులకు ఉండాలని 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలో ఉంది. 1948, 1956 పారిశ్రామిక విధానాల్లో ఆయుధాల తయారీ ప్రభుత్వానికే ప్రత్యేకించారు. ముంగేరులో ముప్ఫైకి పైగా చిన్న తయారీదారులకు లైసెన్సులిచ్చి, అందరినీ ఒకే ఆవరణలోకి చేర్చారు. ఎవరు ఏడాదికి ఎన్ని చేయాలో కోటా పెట్టారు. వాళ్ళు చేసేది ఒంటి గొట్టం, జంట గొట్టం 12 బోరు తుపాకులు. సర్కారు ఫ్యాక్టరీలూ అదే రకం చేసి అమ్ముతాయి. కొనేవాడికి లైసెన్సు దొరకడం కష్టమయ్యేకొద్దీ ఆ ఆవరణలో పని తగ్గిపోయింది. పని లేని చేతుల్లో కొన్ని దొంగ తయారీకి మళ్ళాయి. ఇవాళ ముంగేరు పేరు పత్రికల్లో ఎక్కువగా వచ్చేది దాడుల వార్తల్లోనే. రెండున్నర శతాబ్దాల పనితనం క్రైము పేజీకి చేరింది.

వాళ్ళకు కనీసం ఒక ఆవరణ అయినా దొరికింది. మన కొండ కమ్మరికి ఏం దొరికిందో 1959 ఆయుధ చట్టం చదివితే తెలుస్తుంది. ఉపాధ్యాయులు ఆ చట్టంలోని రెండు సెక్షన్లు పక్కపక్కన పెట్టుకుని చదవాలి. 13వ సెక్షన్ ప్రకారం పంట కాపలా కోసం నిజాయితీగా అడిగే రైతుకు నోటి మందు తుపాకీ లైసెన్సు ఇవ్వాలి. నోటి మందు తుపాకీ అని పేరు పెట్టి మరీ రాశారు. అంటే కొండ రైతు బాధ పార్లమెంటుకు కొంతైనా తెలుసన్నమాట. 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ చేయడానికే కాదు, మరమ్మతు చేయడానికి, పరీక్షించి చూడడానికి కూడా లైసెన్సు కావాలి. రైతు తుపాకీకి తలుపు కొంచెం తెరిచారు. ఆ తుపాకీ మీట విరిగితే బిగించి ఇచ్చే ఊరి కమ్మరికి మూసేశారు. పట్నంలో లైసెన్సున్న దుకాణానికి వెళ్ళమంటే వెళ్ళే రైతు ఎవరు? మన్యం నుంచి మైదానం చేరడానికే ఒక రోజు కూలి పోతుంది.

శిక్షల సంగతి మన యువకులు తప్పకుండా తెలుసుకోవాలి. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తుపాకీ చేసినా, మరమ్మతు చేసినా కనీసం 7 ఏళ్ళు, ఆపైన యావజ్జీవం దాకా పడవచ్చు. లైసెన్సు లేకుండా మామూలు తుపాకీ ఇంట్లో ఉంచుకుంటే 2 నుంచి 5 ఏళ్ళు. తాత అటక మీద పెట్టి మరిచిపోయిన తుప్పు తుపాకీ అయినా మనవడి మీద కేసు కావచ్చు. పోలీసులు ఊరూరా తిరిగి నాటు తుపాకులు అప్పగించమని చెప్పినప్పుడు అప్పగించడమే మంచిది. ఆ మాట నేను మా ఊళ్ళోనూ చెబుతాను.

చట్టం అందరి విషయంలో ఒకేలా ఉందా అంటే లేదు. కర్ణాటకలోని కొడగులో కొడవలకు, జమ్మా భూమి ఉన్నవారికి తుపాకీ లైసెన్సు నుంచి బ్రిటిష్ కాలం నుంచీ మినహాయింపు ఉంది. కేంద్రం దాన్ని 2029 వరకు పొడిగించింది. వాళ్ళ కైల్‌పోల్దు పండుగలో తుపాకీకి పూలు పెట్టి పూజ చేస్తారు. వాళ్ళకు ఇచ్చారని నాకు బాధ లేదు. 1857 తర్వాత కంపెనీకి నమ్మకస్తులన్న పేరున్నవారికి ఇచ్చింది ఒకటి, రంపలో తిరగబడినవారికి ఇచ్చింది ఇంకొకటి. ఈ తేడా ఇంకా మన కాగితాల్లో బతికే ఉందని మాత్రం గుర్తుంచుకోవాలి. నాగాలాండులో మోన్ జిల్లా కొన్యాకులను చూడండి. వాళ్ళూ మనలాగే షెడ్యూల్డు తెగ. చేతి తుపాకుల పనికి వాళ్ళకు పెద్ద పేరు. వాళ్ళ గురించి రాసేవాళ్ళు ఆ పనితనాన్ని మెచ్చుకుంటూ రాస్తారు. మన కమ్మరి గురించి అలాంటి ఒక్క వాక్యం నేను తెలుగులో చదవలేదు.

తుపాకీ అవసరం కూడా మారిపోయింది. 1972 వన్యప్రాణి చట్టంతో వేట నేరమైంది. మన హక్కుల కోసం వచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం కూడా సంప్రదాయ హక్కులన్నీ ఒప్పుకుంటూ వేటను మాత్రం మినహాయించింది. అడవి ఖాళీ అవుతున్న రోజుల్లో అది తప్పని నేను వాదించను. అయితే అడవిపంది చట్టం చదవదు. రాగి చేనులో, కంద చేనులో పడి ఒక్క రాత్రిలో ఏడాది కష్టం తవ్వేస్తుంది. మంచె మీద కూర్చుని డప్పు కొట్టే ఓపిక లేనివాళ్ళు కొందరు కరెంటు తీగలు కడుతున్నారు. పంది కోసం కట్టిన తీగకు పశువులూ మనుషులూ చచ్చిపోతున్నారు. నాటు తుపాకీ ప్రమాదమని తీసేశాం. దాని జాగాలోకి వచ్చిన తీగ తుపాకీలాగా గురి చూసి కాల్చేది కూడా కాదు. పంట నష్టానికి పరిహారం చేతికి తొందరగా అందితే ఈ తీగ అవసరమే రాదు. దరఖాస్తు పెట్టి తిరిగిన రైతును అడగండి, అదెంత తొందరగా వస్తుందో చెబుతాడు.

కొలిమి మాట. కర్రు ట్రాక్టరుతో పోయింది. కొడవలి, గొడ్డలి సంతలో ఫ్యాక్టరీవి దొరుకుతున్నాయి. తుపాకీ ఒక్కటే పోయి ఉంటే కమ్మరి బతికేవాడు. అన్నీ ఒక తరంలోనే పోయాయి. కమ్మర పిల్లలు చదువుకుని వెల్డింగు, ఐ.టి.ఐ. ఫిట్టరు పనుల్లోకి వెళ్తున్నారు. మంచిదే. ఐ.టి.ఐ.లో ఆకురాయి పట్టించిన మొదటి రోజు వాళ్ళ చెయ్యి మిగతావాళ్ళ కంటే తిన్నగా నడుస్తుందని అక్కడ పాఠం చెప్పే ఒక మిత్రుడు నాతో అన్నాడు. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పిల్లలకు ఎవరైనా చెప్పారా?

కిందటేడాది ఏడో తరగతిలో బోర్డు మీద కొలిమి, తిత్తి, దాగలి, సమ్మెట, పట్టుకారు, ఆకురాయి అని రాసి అర్థాలు అడిగాను. కొలిమి అందరూ చెప్పారు. దాగలి ఒక్క కమ్మర పిల్ల మాత్రమే చెప్పింది. వాళ్ళ ఇంటి ముందు ఉందట, దాని మీద ఇప్పుడు చింతపండు కొట్టి గింజలు తీస్తారట. దాని మీద పూర్వం ఏమేం చేశారో మీ తాతను అడిగి రాసుకురా అన్నాను. రెండు రోజుల తర్వాత కాగితం తెచ్చింది. కర్రులు, గొడ్డళ్ళు, పారలు, బాణం ములుకులు, ఎద్దు కాలి నాడాలు, దేవుడి శూలాలు అన్నీ ఉన్నాయి. తుపాకీ మాట లేదు. ఆయన నిజంగా చేయలేదో, పంతులుకు చెప్పకూడదని చెప్పలేదో నేను మళ్ళీ కబురు పెట్టి అడగలేదు.